కర్నూలుకి ఎన్ని స్టార్లు అంటే ఏం చెప్పాల?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ పేపర్లో లేఖల కాలమ్‌లో బెంగళూరులో ఉద్యోగం చేస్తాండే మా కర్నూలు పిల్లోడు ఒకడు రాసిన లెటర్ చదివినా. కర్నూలు ఇంకా సిటీ కాలేదు, పేరుకే కార్పొరేషన్, చెప్పుకోను ఒక మంచి మాల్ లేదు, వీకెండ్ పోదామంటే ప్లేస్ లేదు, ఓల్డ్ టౌన్ సందులు కొట్టేసి రోడ్లు పెద్దవి చేస్తే గాని బాగుపడదు, అన్నిటికన్నా ముఖ్యంగా ఈ ఊరికి ఒక ఐడెంటిటీ అనేదే లేదు అని రాసినాడు. నేనేం కోపంతో రాస్తాలేను, ఆ పిల్లోడు చెప్పిన దాంట్లో సగం నిజమే, మిట్టమధ్యాన్నం ఎండలో పెద్దమార్కెట్ కాడ బండి ఇరుక్కుంటే ఎవరికైనా అట్లనే అనిపిస్తాది. కాని ఐడెంటిటీ లేదన్న మాట మాత్రం నాకు రెండు రోజులు గొంతులో ముల్లు మాదిరి ఉండిపోయింది. అందుకే రాస్తాండా, పెద్దదైతే మీరే కత్తిరించుకోండి.

నాది కలెక్టరాఫీసుకి కొంచెం దూరంలో జిరాక్స్ షాపు. జిరాక్స్ మీద ఏం మిగల్దు గాని ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపుతా, పింఛన్లు, ఇన్‌కం సర్టిఫికెట్లు, పాస్‌పోర్టులు, తిరుమల దర్శనం టికెట్లు, హజ్ ఫారాలు, పిల్లోళ్ల హాల్ టికెట్లు, ఒకటనిగాదు. 2004 నుంచి ఇదే పని. రోజుకి తక్కువంటే నలభై మంది అడ్రస్ నా చేత్తో కొడతా, కాబట్టి ఈ ఊరి గురించి నాకు తెలిసిందంతా అడ్రస్ కాలమ్ లోనుంచి తెలిసిందే అనుకోండి. అందులో గూడ ఇంటి నెంబరు, పిన్‌కోడు చూసి మనిషి గురించి ఏమీ తెలీదు, ల్యాండ్‌మార్క్ అని ఒక గడి ఉంటాది చూడండి, దాంట్లో తెలుస్తాది. ఆ గడి కాడికి వచ్చేసరికి ఒక్కొక్కరు ఒక్కో కర్నూలు చెప్తారు.

కొండారెడ్డి బురుజునే తీసుకోండి. మేము పల్లెల నుంచి వచ్చినోళ్లం బురుజు కాడ అంటాం. ఓల్డ్ టౌన్ ముసలాయన ఒకాయన ఎప్పుడొచ్చినా ఖిలా దగ్గర అనే రాయమంటాడు, ఆయన లెక్కలో అది ఒక బురుజు కాదు, మొత్తం కోటలో మిగిలిపోయిన ముక్క. ఒక రిటైర్డ్ హిస్టరీ సార్ అయితే విజయనగరం కాలం అచ్యుతరాయల నుంచి మొదలుపెడతాడు, వెనకాల క్యూ ఉన్నా ఆపడు. కొండారెడ్డి అనే ఆలంపురం పాలకుడిని నవాబు దాంట్లో బంధించినాడని, అందుకే ఆ పేరని మా అవ్వలు చెప్పేది. ఇంక హైదరాబాదోళ్లకి దాని ముందర సుమోలు లేస్తాయి, కత్తులు తిరుగుతాయి, సినిమావాళ్లు చూపించిందే వాళ్లకి బురుజు. హైవేలో బిర్యానీకి ఆగిన ఒక కుర్రోడు ఫ్యాక్షనోళ్లు ఏడ ఉంటారన్నా అని నన్నే అడిగినాడు, నేను ల్యామినేషన్ మిషన్ పక్కన నిలబడుకోని ఉండా, ఏం చెప్పాల చెప్పండి. రాయి ఒకటే, చూసే కళ్లు ఇన్ని. మరి దీంట్లో ఏది కర్నూలు ఐడెంటిటీ అని ఆ పిల్లోడు అడుగుతాడేమో, నేననేది అన్నీ అని.

క్యాంపుల సంగతి ఇంకా తమాషా. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అని ఏరియాల పేర్లు చూసి కొత్తగా వచ్చినోళ్లు మిలిటరీ ఉండేదేమో అనుకుంటారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టి కర్నూలు రాజధాని అయినప్పుడు సర్కారు ఉద్యోగులకి ఏర్పాటు చేసిన క్యాంపులు అవి. అప్పుడు ఆఫీసులకి గూడ బిల్డింగులు చాలక గుడారాలు వేసినారు, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, హైకోర్టు గుంటూరులో. 1937లో శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్న దాని ప్రకారం రాజధానో హైకోర్టో ఒకటి సీమకి రావాల కాబట్టి రాజధాని ఇక్కడికి వచ్చింది, 1956 నవంబర్ 1న హైదరాబాదుకి పోయింది. మూడేండ్ల ఒక నెల. సీ క్యాంపులో ఉండే పెద్దమనిషి ఒకాయన అడ్రస్ చెప్పేటప్పుడు చూడాల మీరు, క్యాంపు అన్న మాటని అంత ఒత్తి పలుకుతాడు, వాళ్ల నాయన మద్రాసు నుంచి ఫైళ్ల ట్రంకుపెట్టెలతో దిగిన ఉద్యోగి అంట. ఆయన కళ్లకి కర్నూలు అంటే చేతి కాడికి వచ్చిన ముద్ద. ఈయనకి మాల్ గురించి చెప్పి చూడండి, మాకు రావాల్సింది మాల్ కాదు నాయనా అంటాడు. ఆయన మనవరాలు మాత్రం సీ క్యాంపు అంటే రైతుబజార్ అంటాది, అంతే. రెండూ ఒకే ఇంట్లో మాటలు.

కోర్టుకాడ వకీళ్లు వస్తారు, వాళ్లకి ఈ ఊరు ఎప్పుడూ బెంచి కోసం ఎదురుచూస్తాండే ఊరు. 2024 నవంబర్లో అసెంబ్లీలో హైకోర్టు బెంచి తీర్మానం అయినప్పుడు నా షాపు ముందర స్వీట్లు పంచినారు, నేనూ తిన్నా. దాని గురించి ఎక్కువ రాయను, అది మళ్లీ పార్టీల్లోకి పోతాది.

నన్ను బాగా కదిలించింది వేరే ఆయన. శ్రీశైలం డ్యాము నీళ్లల్లో ఊరు మునిగిపోయి ఇక్కడికొచ్చిన పెద్దాయన. 98 జీవో అని ఉంది కదా, భూములు పోయిన కుటుంబాల్లో ఉద్యోగం ఇస్తామని, దాని గురించి ఏందో అర్జీ పెట్టుకోను వచ్చినాడు, చెప్పులరిగేదాంక తిరిగినోడే. ప్రెజెంట్ అడ్రస్ కల్లూరు అని రాయించినాడు. పర్మనెంట్ అడ్రస్ ఏంది పెద్దాయనా అంటే నీళ్లకింద ఉన్న ఊరు పేరు చెప్పినాడు. అదిప్పుడు లేదు కద, పర్మనెంట్ అంటే ఇప్పుడుండేది రాయాల అన్నా. ఆయన నవ్వి, ఉండేది టెంపరీ నాయనా, పర్మనెంట్ అదే అనినాడు. అట్లనే కొట్టినా. సైట్ తీసుకునింది గూడ. ఎండాకాలం డ్యాములో నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడతాది చూడండి, అప్పుడు ఆయన పోయి వస్తాడంట, వాళ్ల ఊరి దిక్కు చూసుకోను. నలభై ఏండ్ల పైన ఈ ఊర్లో ఉన్నాడు, మనవలు ఈడ పుట్టినారు, ఆయనకి కర్నూలు ఇంకా పొరుగూరే. ఆయన్ని పట్టుకోని నువ్వు కర్నూలోడివి కాదు అని ఎవరైనా అంటారా, అనలేరు.

నేనూ కర్నూలోడిని కాదు అసలుకైతే. కోసిగి తట్టు. మా పక్కన మాట్లాడే తెలుగులో సగం కన్నడం, డిగ్రీకి వచ్చి హాస్టల్లో చేరినప్పుడు నేను నోరు తెరిస్తే నవ్వేటోళ్లు, ఆర్నెల్లు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలా. మా ఊరోళ్లు ఇప్పటికీ సంక్రాంతి పోతానే సుగ్గికి పోతారు, గుంటూరు దిక్కు మిరపకాయలు తెంపను, పిల్లాపాపలతో ఇండ్లకి తాళాలేసి. వాళ్లకి కర్నూలు అంటే రాత్రిపూట లారీలోనో బస్సులోనో దాటిపోయే లైట్లు. సుగ్గికి పోనోళ్లు కొందరు ఈడికే వచ్చి పొద్దున్నే అడ్డా మీద నిలబడతారు, మేస్త్రి వచ్చి ఇద్దరు మొగోళ్లు, ఒక ఆడమనిషి అని వేళ్లు చూపించి తీసుకుపోతాడు. నంద్యాల రోడ్డు పక్క లేస్తాండే అపార్ట్‌మెంట్లన్నీ వీళ్లు కట్టినయే. వాటికి పెట్టే పేర్లు ఉన్నాయే, ఏదో హైట్స్ అంటారు, ఏదో మెడోస్ అంటారు, కట్టినోడికి ఆ పేరు పలకను రాదు. మా బావమరిది ఒక వెంచర్లో పని చేసి వచ్చి ఆ పేరు చెప్పలేక ఇంగ్లీషు గేటోళ్ల కాడ అన్నాడు, ఇప్పుడు మా ఇంట్లో అందరం దాన్ని అదే పేరుతో పిలుస్తాం.

వెంచర్లంటే గుర్తొచ్చింది. ప్లాటు కొనేటప్పుడు ఒక మనిషి పాత కర్నూలోడా కొత్తగా వచ్చినోడా అని కనుక్కోవాలంటే మొదటి ప్రశ్న వింటే చాలు. కొత్తోడు గజం ఎంత, అప్రూవల్ ఉందా, ఎయిర్‌పోర్ట్ ఎంత దూరం అని అడుగుతాడు, 2021లో ఓర్వకల్లు కాడ వచ్చినప్పటి నుంచి అందరికీ ఎయిర్‌పోర్ట్ దగ్గరే అయిపోయింది. పాతోడు మాత్రం 2009లో నీళ్లు ఏడిదాంక వచ్చినాయి అని అడుగుతాడు. అక్టోబర్ 2, గాంధీ జయంతి రోజు. ఒక పక్క తుంగభద్ర, ఒక పక్క హంద్రీ, ముందరికి పోనీకుండా శ్రీశైలం వెనక జలాలు, మూడూ కలిసి ఊర్లోకి వచ్చేసినాయి. వన్ టౌన్‌లో మిద్దెల మీద నిలబడుకోని జనాలు రాత్రంతా. నావి రెండు జిరాక్స్ మిషన్లు పోయినాయి, ఒకటి అయితే ఇంకా ఈఎంఐ కట్టేది ఉన్నింది, మిషన్ బురదలో, నెలనెలా డబ్బు బ్యాంకుకి. అయినా ఆ వారం రోజుల్లో చూసినంత ఊరు నేను మళ్లీ చూడలా. మసీదులో వండిన అన్నం గుడి మిద్దె మీదికి పోయింది, కల్యాణమండపంలో నమాజు చేసుకున్నారు, ఎవరు ఏ కులం అని అడిగే ఓపిక ఎవరికీ లేదు. తర్వాత మళ్లీ మామూలే లెండి, నేనేం గొప్పలు చెప్పను. కాని ఓల్డ్ టౌన్ గోడల మీద ఆ నీటి గీత కొన్నిచోట్ల ఇంకా ఉంటాది, సున్నం కొట్టేటప్పుడు గూడ కొంతమంది దాన్ని వదిలిపెట్టినారు. బెంగళూరు పిల్లోడు కొట్టేయమన్న సందుల్లోనే ఉన్నాయి ఆ గోడలు. నేను కొట్టొద్దు అని గూడ అనడంలే, అంబులెన్సు పోని సందులో ఉండేవాళ్లకే తెలుసు ఆ కష్టం. కొట్టేముందు ఆ గీత ఏందో అడగాల అంటాండా.

ఇంక నది అవతల సంగతి. ఆలంపురం, గద్వాల దిక్కు నుంచి నా షాపుకి చాలామంది వస్తారు. 2014 నుంచి అది వేరే రాష్ట్రం, కాని వాళ్లకి పట్నం అంటే కర్నూలే, జొరమొచ్చినా కాన్పయినా మా పెద్దాసుపత్రికే, పెండ్లి బట్టలకి గూడ ఈడికే. రాయచూరు, బళ్లారి తట్టు నుంచీ పెద్దాసుపత్రికి వస్తారు. ఒకామె కాయితం నింపుతాంటే స్టేట్ అనే కాడ తెలంగాణ అని సెలెక్ట్ చేసినా, అట్లయితే మాది దూరమైపోతాదేమో అని ఒకటే భయపడింది. దూరం ఏమీ పెరగలేదమ్మా, బ్రిడ్జి అదే అన్నా. అసలు ఈ ఊరు పేరే ఆ దారి వల్ల వచ్చిందంటారు కద, ఆలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లు తుంగభద్ర దాటేముందు ఈడ ఆగి ఇరుసులకి కందెన పూసుకునేవి కాబట్టి కందెనవోలు, అదే కందనవోలు, అదే కర్నూలు. ఇప్పుడు హైదరాబాదు బెంగళూరు హైవేలో కార్లు ఆగి టీ తాగి పోతాయి. బండ్లు మారినాయి, ఆగేది అట్లనే ఉంది.

మా ఇంటామె ఈ లెటర్ రాస్తాంటే వెనక నుంచి చూసి ఒక మాట అనింది, అదీ రాస్తా. మీ మొగోళ్ల కర్నూలు వేరే, మా కర్నూలు వేరే అనింది. నేను కేసీ కెనాల్ గట్టు మీద సాయంత్రం చల్లగా ఉంటాదని రాద్దామనుకున్నా, వినాయక ఘాట్ పక్కంతా నాకు బాగా ఇష్టం, నిమజ్జనం రోజైతే చూసేదానికి రెండు కండ్లు చాలవు. ఆమె ఏమనిందంటే, ఏడైనాక ఆ గట్టు మీద నువ్వు పోతావు గాలికి, నేను పోగలనా, మా అమ్మాయి కోచింగ్ నుంచి ఏ వీధిలో నుంచి వస్తాదో తెలుసా నీకు, దగ్గరి దారి వదిలేసి లైట్లు ఉండే వీధి చుట్టూ తిరిగి వస్తాది అనింది. నిజంగా నాకు తెలీదు. ఇన్నేండ్లు అందరి అడ్రసులూ రాసినోడిని, నా బిడ్డ నడిచే దారి తెలీదు.

ఇప్పుడు అసలు ఎందుకు రాస్తాండానంటే. మొన్న ఒక ఆఫీసోళ్లు వచ్చి నా షాపు గోడకి ఒక క్యూఆర్ కోడ్ అంటించి పోయినారు. మీ సిటీ మీద మీ అభిప్రాయం చెప్పండి అని. స్కాన్ చేస్తే అంతా ఇంగ్లీషే, పన్నెండు ప్రశ్నలు, చివర్లో మీ సిటీకి ఎన్ని స్టార్లు ఇస్తారు అని. పింఛను పనికి వచ్చిన ఖడక్‌పురా అవ్వ ఒకామె కూర్చోనింది, కరెంటు పోయి ప్రింటర్ ఆగింది, సరే అని ఆమెకి తెలుగులో చదివి చెప్తా నింపుదామనుకున్నా. పార్కులు బాగున్నాయా అంటే ఏ పార్కు అనింది. బస్టాపులు బాగున్నాయా అంటే నేను నడుస్తా కద బేటా అనింది. ఆఖరికి అయిదు స్టార్లకి ఎన్ని ఇస్తావు అవ్వా అన్నా. ఆమె చాలాసేపు ఆలోచన చేసింది, ఏదో పరీక్ష మాదిరి. నేను చూసింది మా గేరి (మా వీధి), పెద్దాసుపత్రి, రోజా దర్గా, నీ షాపు. మిగతా ఊరికి నేనెట్ల మార్కులేస్తా, మా గేరికి అడుగు చెప్తా అనింది. ఆ ఫారంలో గేరి అడిగే గడి లేదు.

ఆ సర్వే రిపోర్టు రేపు మీ పేపర్లోనే వస్తాది, కర్నూలుకి ఇన్ని స్టార్లు, ప్రజలు ఇది కోరుకుంటాండారు అని. ఎవరు నింపుంటారు దాన్ని, నాకు తెలుసు, మా షాపు ముందర కోచింగ్ పిల్లోళ్లు ఒక పదిమంది నింపినారు, కాఫీ షాపు కావాల, వైఫై కావాల అని, వాళ్లు అడిగింది తప్పేం కాదు, వాళ్లదీ ఈ ఊరే. కాని సీ క్యాంపు పెద్దమనిషి నింపలా, కల్లూరు పెద్దాయన నింపలా, అడ్డా మీద మా బావమరిది నింపలా, అవ్వ అడిగినా నింపలేకపోయింది. బెంగళూరు తమ్ముడు రాబోయే వాటిని పెట్టుకోని ఊరిని కొలుస్తాండాడు, వీళ్లంతా పోయిన వాటిని పెట్టుకోని చూస్తాండారు, రాజధాని, మునిగిన ఊరు, వరద గీత. ఆయన కొలిచేది వచ్చేసరికి అందరికీ ఒకటే టేపు ఉండాల అనుకుంటాండాడు, నాకు ఈడనే తేడా కొడతాంది.

మీరు పేపరోళ్లు గనక ఒకటి అడుగుతా. ఆ సర్వే చేసేటోళ్లకి చెప్పండి, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి కాయితం మీద అచ్చేసి పొద్దున్నే అడ్డా కాడ, మధ్యాన్నం పెద్దాసుపత్రి వరండాలో, సాయంత్రం రైతుబజార్లో ఒక మనిషిని కూర్చోబెట్టమని. ఉర్దూ యూనివర్సిటీ 2016లో మన ఊర్లోనే పెట్టినారు, ఉర్దూలో రాసేవాళ్లకి కొరత లేదు. ఆడోళ్లని అడగను ఆడమనిషినే పంపమని మా ఇంటామె చెప్పింది. ఒక నెల జీతం ఖర్చు, అంతకన్నా ఏం కాదు. అడిగే మనిషి దొరక్కపోతే మా షాపులో ఒక టేబులు వేసుకోనిస్తా, అద్దె గూడ వద్దు.

ఆ బెంగళూరు తమ్ముడికి గూడ ఒక మాట. ఈసారి పండక్కి వచ్చినప్పుడు మా షాపుకి రా నాయనా, ఉగ్గాణి బజ్జీ తిందాం, నీకేదైనా అప్లికేషన్ ఉంటే ఫ్రీగా నింపుతా. ల్యాండ్‌మార్క్ గడి కాడికి వచ్చినప్పుడు నువ్వేం చెప్తావో వినాలని ఉంది, నీ లెటర్ కింద బెంగళూరు అని రాసి పక్కన బ్రాకెట్లో స్వస్థలం కర్నూలు అని రాసుకున్నావు చూడు, అది ఎవరూ రాయమనకుండానే రాసినావు.

లేఖ కింద పూర్తి అడ్రస్ ఉంటేనే వేస్తామని మీ రూలు కాబట్టి ఇస్తాండా. పేరు మాత్రం వేయొద్దండి, షాపుకి అన్ని పార్టీలోళ్లూ వస్తారు.

ఇట్లు,
జిరాక్స్ షాపాయన,
వేపచెట్టు కాడ, కర్నూలు.

(చెట్టు లేదు ఇప్పుడు, పోయినేడు కరెంటు తీగలకి అడ్డమొస్తాందని కొట్టేసినారు. అయినా మీ పేపర్ వేసే పిల్లోడిని అడగండి, వేపచెట్టు కాడ జిరాక్స్ అంటే నేరుగా తెచ్చి ఇస్తాడు.)